కొండకోనలకు ఉపగ్రహ సంబంధం: మోడెమ్ నెలకొల్పే విధానం

భారతదేశం వంటి విశాల దేశంలో దూరమనేది కేవలం కిలోమీటర్ల లెక్క కాదు. మైదాన ప్రాంతంలో వంద కిలోమీటర్ల అవతల ఉన్న గ్రామానికి ఒక్క పూటలో చేరుకోవచ్చు. అరుణాచల్ ప్రదేశ్ లోయలలో ఎదురుగా కంటికి కనిపించే గ్రామానికి చేరడానికి ఒక పగలంతా నడవవలసి రావచ్చు. లద్దాఖ్‌లో శీతకాలపు మంచు, లక్షద్వీప్‌లో వర్షాకాలపు సముద్రం ఇదే విధంగా అడ్డు నిలుస్తాయి. ఇటువంటి చోట్ల నివసించే పౌరులకు కూడా ఆరోగ్య కేంద్రం, పాఠశాల, తపాలా కార్యాలయం, పంచాయతీ తక్కిన దేశంలో వలెనే పనిచేయాలంటే వార్తా సంబంధం అత్యవసరం.

ఈ సంబంధాన్ని కల్పించడానికి మొదటి మార్గం నేలలో పాతే గాజు తీగ, అంటే ఆప్టికల్ ఫైబర్. గ్రామ పంచాయతీలన్నింటికీ ఈ తీగను చేర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించింది. 2015 నుండి అది భారత్‌నెట్ అనే పేరుతో సాగుతున్నది. చెన్నై నుండి అండమాన్ నికోబార్ దీవులకు సముద్ర గర్భంలో వేసిన తీగ 2020 ఆగస్టులోను, కొచ్చి నుండి లక్షద్వీప్‌కు వేసిన తీగ 2024 జనవరిలోను ప్రారంభమయ్యాయి. అయినప్పటికీ తీగ చేరలేని స్థలాలు, చేరినా కొండచరియలు విరిగిపడినప్పుడు తెగిపోయే స్థలాలు దేశంలో ఇంకా ఉన్నాయి. అటువంటి గ్రామాలకు మిగిలిన దారి ఆకాశమే. భారత్‌నెట్‌లో కూడా కొన్ని వేల పంచాయతీలను ఉపగ్రహం ద్వారానే కలపవలసి వచ్చింది.

అయితే పరికరాల పెట్టె గ్రామానికి చేరినంత మాత్రాన గ్రామం దేశంతో కలిసినట్లు కాదు. పళ్ళెం వంటి యాంటెన్నాను ఇంటి కప్పుపై బిగించి, మోడెమ్‌కు విద్యుత్తు ఇచ్చినంత మాత్రాన కూడా కాదు. ఒకే ఉపగ్రహాన్ని వందల, వేల చిన్న కేంద్రాలు పంచుకుంటాయి. క్రొత్తగా చేరే కేంద్రం సరైన దిక్కుకు చూడాలి, సరైన తలంలో తరంగాలను పంపాలి, తగినంత బలంతోనే పలకాలి, తన వంతు వచ్చినప్పుడే పలకాలి. ఈ నాలుగు షరతులూ నెరవేరిన తరువాతనే ప్రధాన కేంద్రం దానిని తనలో చేర్చుకుంటుంది. మోడెమ్‌ను క్రియాశీలం చేయడమంటే నిజానికి ఈ చేర్పే. అది ఏ విధంగా జరుగుతుందో తెలుసుకోవడం ఈ పరికరాలు అమర్చేవారికే గాక, వాటి నిర్వహణ బాధ్యత వహించే పంచాయతీ సిబ్బందికి, ఉపాధ్యాయులకు, ఆరోగ్య కార్యకర్తలకు కూడా ఉపయోగకరం.

వినడం నుండి పలకడం వరకు

భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమితోపాటే రోజుకు ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తుంది. అందువల్ల నేల మీద ఉన్నవారికి అది ఆకాశంలో కదలకుండా ఒకేచోట నిలిచినట్లు తోస్తుంది. ఈ భూస్థిర కక్ష్యను వార్తా ప్రసారాలకు వినియోగించుకోవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లో ప్రతిపాదించారు.

ఆ ప్రతిపాదన ఫలితాన్ని భారత గ్రామాలు మొదటిసారి విస్తృతంగా చవిచూసినది 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో నడిచిన 'సైట్' అనే బోధనా ప్రసార ప్రయోగంలో ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 గ్రామాలలో టెలివిజన్ పెట్టెలు నెలకొల్పారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు గ్రామాల ప్రజలు ఆకాశం నుండి వచ్చిన బొమ్మను చూడటం, తమ భాషలో మాటను వినటం అప్పుడే మొదలైంది. కాని ఆ పెట్టెలు వినడమే గాని పలకడం ఎరుగవు. గ్రామం నుండి ఉపగ్రహానికి తిరుగు సమాధానం పంపే ఏర్పాటు వాటిలో లేదు.

1981లో భారతదేశపు ప్రయోగాత్మక వార్తా ఉపగ్రహం యాపిల్, 1983లో ఇన్సాట్-1బి కక్ష్య చేరిన తరువాత పరిస్థితి మారసాగింది. 1980 దశకం ద్వితీయార్ధంలో జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం 'నిక్‌నెట్' అనే వ్యవస్థ ద్వారా జిల్లా కేంద్రాలలో చిన్న భూకేంద్రాలను నెలకొల్పి ఢిల్లీతో కలిపింది. జిల్లా కార్యాలయం సమాచారాన్ని స్వీకరించటమే గాక పంపగలిగింది కూడా. ఆ తరువాత వచ్చిన ఉపగ్రహాల శక్తి అనేక రెట్లు పెరిగింది. 2018 డిసెంబర్‌లో ప్రయోగించిన 5,854 కిలోగ్రాముల జీశాట్-11 దేశమంతటినీ ఒకే పెద్ద వెలుగులో ఉంచడానికి బదులు 32 చిన్న పుంజాలుగా విభజించి చూస్తుంది. 2024 నవంబర్‌లో ప్రయోగించిన జీశాట్-ఎన్2కు గల 32 పుంజాలలో 8 సన్నని పుంజాలను ఈశాన్య ప్రాంతానికే కేటాయించారు. పుంజం సన్నబడినకొద్దీ శక్తి ఒకచోట కేంద్రీకృతమవుతుంది. గ్రామంలో పెట్టవలసిన యాంటెన్నా చిన్నదైనా సరిపోతుంది.

పరికరాలు, వాటి పనులు

గ్రామ కేంద్రంలో ఉండే సామగ్రి రెండు భాగాలు. ఆరుబయట ఉండేది ఒకటి, గదిలో ఉండేది మరొకటి.

ఆరుబయట సాధారణంగా ముక్కాలు మీటరు నుండి 1.2 మీటర్ల వరకు వ్యాసం గల యాంటెన్నా, దాని ఎదుట కొయ్యపై అమర్చిన రెండు చిన్న యంత్రాలు ఉంటాయి. మొదటిది స్వీకరణ యంత్రం. ఉపగ్రహం నుండి సుమారు 11, 12 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో దిగివచ్చే అతి బలహీన తరంగాలను పెంచి, తీగలో ప్రయాణించగల తక్కువ పౌనఃపున్యానికి మార్చడం దాని పని. రెండవది ప్రసార యంత్రం. గదిలోనుండి వచ్చిన సంకేతాన్ని సుమారు 14 గిగాహెర్ట్జ్‌కు పెంచి ఆకాశానికి పంపుతుంది. దాని బలం సాధారణంగా కొద్ది వాట్లు మాత్రమే. రాత్రివేళ గదిలో వెలిగించుకునే చిన్న దీపానికి పట్టే విద్యుత్తుతో 36 వేల కిలోమీటర్ల దూరం మాట వినిపించడం సాధ్యపడుతున్నదంటే, ఆ కొద్దిపాటి శక్తిని యాంటెన్నా చెదరనీయక ఒకే దిక్కుకు పంపడమే కారణం.

గదిలో ఉండేది మోడెమ్. కంప్యూటర్ భాషలోని అంకెలను తరంగాలపై ఎక్కించడం, తిరిగి వచ్చిన తరంగాలపైనుండి అంకెలను దించడం అనే రెండు పనులు చేస్తుంది గనుక ఆ పేరు వచ్చింది. బయటి యంత్రాలకు, మోడెమ్‌కు మధ్య రెండు తీగలు ఉంటాయి. అవి సంకేతాన్నే గాక బయటి యంత్రాలకు కావలసిన విద్యుత్తును కూడా తీసుకుపోతాయి. అందువల్ల మోడెమ్‌కు విద్యుత్తు ఉండగా తీగల కొసలను విప్పడం, బిగించడం చేయరాదు.

ఇవన్నీ ఒక పెద్ద కేంద్రంతో మాట్లాడతాయి. దీనిని హబ్ అంటారు. అనేక మీటర్ల వ్యాసం గల పెద్ద యాంటెన్నా, నిపుణులైన సిబ్బంది అక్కడ ఉంటారు. గ్రామం నుండి బయలుదేరిన ప్రతి మాట ఉపగ్రహం చేరి, హబ్‌కు దిగి, అక్కడినుండి భూమార్గాన ఇంటర్నెట్‌లో గాని ప్రభుత్వ వ్యవస్థలో గాని కలుస్తుంది.

స్థల నిర్ణయం

మొదట చేయవలసింది ఆకాశాన్ని చూడటం. ఉపగ్రహం భూమధ్యరేఖపై ఉంటుంది గనుక భారతదేశంలో ఎక్కడినుండి చూసినా అది దక్షిణ దిశలోనే, కొంచెం తూర్పుకో పడమరకో ఉంటుంది. ఆ దిక్కున చెట్టు, కొండ, నీళ్ళ ట్యాంకు, రేపు లేవబోయే మరో అంతస్తు అడ్డు రాకూడదు. ఎండాకాలంలో ఆకురాల్చిన చెట్టు సందున తరంగాలు దూరిపోయినా, వానలకు అది చిగిర్చినప్పుడు సంబంధం తెగిపోతుంది. స్థలం ఎన్నుకునేవారు తరచు మరచిపోయే విషయమిది.

గురి పెట్టే దిక్కును రెండు కోణాలతో చెబుతారు. ఉత్తర దిక్కు నుండి కుడివైపుగా ఎంత తిరగాలనేది మొదటిది, క్షితిజం నుండి ఎంత ఎత్తుకు చూడాలనేది రెండవది. ఇవి ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టి మారుతాయి. జీశాట్-11 ఉన్న 74 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఉదాహరణగా తీసుకుంటే, హైదరాబాదు నుండి ఆ బిందువు సుమారు 195 డిగ్రీల దిక్కున, 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. లేహ్ నుండి 186 డిగ్రీల దిక్కున, 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఈటానగర్ నుండి చూస్తే బాగా పడమరకు జరిగి 218 డిగ్రీల దిక్కున, దాదాపు 52 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. కవరత్తి ద్వీపం ఆ రేఖాంశానికి పడమర ఉన్నందున అక్కడివారు 173 డిగ్రీల దిక్కుకు, అంటే దక్షిణానికి కొంచెం తూర్పుగా, దాదాపు తలపైకి, 77 డిగ్రీలకు మించిన ఎత్తుకు చూడాలి. నాలుగు చోట్ల నాలుగు చూపులు. వాటి గమ్యం మాత్రం ఒక్కటే.

యాంటెన్నాను నిలిపే స్తంభం తూగుగుండు ప్రకారం నిట్టనిలువుగా ఉండాలి. స్తంభం వంగి ఉంటే పైన వేసిన కొలతలన్నీ వంకరపోతాయి. గాలివానకు కదలకుండా కాంక్రీటు పునాది గాని, కప్పు మీదనైతే తగినంత బరువు గాని ఉండాలి. పిడుగుపాటు నుండి రక్షణకు సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

గురి కుదర్చడం

పళ్ళెం చూపు ఎంత సూక్ష్మమైనదో ఒక లెక్క వల్ల తెలుస్తుంది. 1.2 మీటర్ల యాంటెన్నా ఆకాశంలో సుమారు ఒకటిన్నర డిగ్రీల వెడల్పు గల ప్రదేశాన్ని మాత్రమే చక్కగా చూడగలదు. గురి ముక్కాలు డిగ్రీ తప్పితే అందే శక్తి సగానికి పడిపోతుంది. ఉపగ్రహం ఉన్న దూరంలో ఒక్క డిగ్రీ తేడా 600 కిలోమీటర్లకు పైబడిన తేడా అవుతుంది. పక్కపక్కనే రెండు మూడు డిగ్రీల ఎడంలో ఇతర ఉపగ్రహాలు కూడా ఉంటాయి. గురి తప్పిన కేంద్రం తనకు నష్టం తెచ్చుకోవడమే గాక ఇరుగుపొరుగు ఉపగ్రహాల వాడుకదారులకు కూడా చికాకు కలిగిస్తుంది.

అందువల్ల మొదట దిక్సూచితో, కోణమానినితో స్థూలంగా గురిపెట్టి, ఆ తరువాత మోడెమ్‌లో గాని చేతి పరికరంలో గాని కనిపించే సంకేత బలాన్ని చూస్తూ అతి నెమ్మదిగా సర్దాలి. ఇనుప స్తంభానికి దగ్గరగా ఉంచిన దిక్సూచి తప్పు చూపుతుంది గనుక కొంచెం దూరంగా నిలబడి చూడాలి. చాలా యాంటెన్నాలలో స్వీకరణ యంత్రం పళ్ళేనికి సరిగ్గా ఎదుట గాక దిగువగా ఉంటుంది. ఆ కారణాన పళ్ళెం తక్కువ ఎత్తుకు చూస్తున్నట్లు కనిపించినా దాని నిజమైన చూపు అంతకంటె ఎంతో పైకి ఉంటుంది. క్రొత్తవారు ఇది ఎరుగక పళ్ళేన్ని పైకి ఎత్తి గంటల తరబడి వెదకుతారు. బలం హెచ్చి, గరిష్ఠం చేరి, తగ్గనారంభించే వరకు తిప్పి, మళ్ళీ గరిష్ఠ స్థానానికి రావాలి. దిక్కుకు ఒకసారి, ఎత్తుకు ఒకసారి ఇలా చేసి మరలు బిగించాలి. మరలు బిగించేటప్పుడు గురి స్వల్పంగా జరుగుతుంది. కనుక బిగించిన తరువాత బలాన్ని మళ్ళీ చూడనిదే పని ముగిసినట్లు కాదు.

మోడెమ్‌కు చెప్పవలసిన వివరాలు

ఒక కంప్యూటర్‌ను తీగ ద్వారా మోడెమ్‌కు కలిపి కొన్ని వివరాలు నమోదు చేయాలి. ఉపగ్రహం పేరు లేదా రేఖాంశం, వినవలసిన పౌనఃపున్యం, సంకేత వేగం, తరంగాల తలం, ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలు వీటిలో ముఖ్యమైనవి. కొన్ని రకాల మోడెములకు ఈ వివరాలన్నీ హబ్ సిబ్బంది ముందే తయారుచేసిన ఫైలు రూపంలో అందుతాయి. ప్రతి మోడెమ్‌కు ప్రత్యేకమైన క్రమసంఖ్య ఉంటుంది. హబ్ పుస్తకంలో ఆ సంఖ్య ఏ ఊరి పేర నమోదై ఉన్నదో ఆ ఊరిలోనే దానిని అమర్చాలి. రెండు గ్రామాల పెట్టెలు దారిలో తారుమారైతే రెండు గ్రామాలకూ సంబంధం దొరకకపోవచ్చు.

ఊరి అక్షాంశ రేఖాంశాలు మోడెమ్‌కు ఎందుకు అనే సందేహం కలగవచ్చు. దీనికి సమాధానం వంతుల పద్ధతిలో ఉన్నది. హబ్ నుండి గ్రామాలకు వచ్చే సంకేతం ఒకే బలమైన ప్రవాహం. అన్ని కేంద్రాలూ దానిని వింటూ తమకు సంబంధించిన దానిని మాత్రం తీసుకుంటాయి. గ్రామాల నుండి హబ్‌కు పోయే దారి అలా కాదు. ఒకే పౌనఃపున్యాన్ని అనేక గ్రామాలు పంచుకుంటాయి. తెలుగు పల్లెలలో చెరువు నీటిని పొలాలకు వంతుల ప్రకారం నీరటికాడు వదిలినట్లు, హబ్ ప్రతి కేంద్రానికి సెకనులో అతి స్వల్ప భాగాన్ని వంతుగా ఇస్తుంది. ఒకరి వంతులో మరొకరు మడవ తీస్తే ఇద్దరి నీరూ చెడినట్లే, ఇద్దరు ఒకేసారి పలికితే ఇద్దరి మాటా వినబడదు.

ఇక్కడ దూరం సమస్య తెచ్చిపెడుతుంది. పైన చెప్పిన ఉపగ్రహ స్థానానికి కవరత్తి నుండి సుమారు 35,900 కిలోమీటర్లు. ఈటానగర్ నుండి సుమారు 37,000 కిలోమీటర్లు. దాదాపు 1,060 కిలోమీటర్ల ఈ తేడాను దాటడానికి కాంతివేగంతో పోయే తరంగానికి సెకనులో వెయ్యోవంతులు మూడున్నర పడుతుంది. మనిషికి అది లెక్కలోనిది కాదు. వంతుల పద్ధతిలో మాత్రం అది పక్కవారి వంతులో చొరబడడానికి చాలినంత కాలం. కనుక దూరంగా ఉన్న కేంద్రం ఆ మేరకు ముందుగా పలకాలి. తన స్థానం తెలిస్తేనే మోడెమ్ తన దూరాన్ని, దానినిబట్టి తాను పలకవలసిన క్షణాన్ని లెక్క కట్టుకోగలదు. అక్షాంశం తప్పుగా వ్రాసిన మోడెమ్ చక్కగా వింటుంది, కాని దాని పలుకు హబ్ చెవికి వేళకు చేరదు.

హబ్ చేసే పరీక్ష

స్వీకరణ దీపం నిలకడగా వెలిగినప్పుడు సగం పని పూర్తయినట్లు. అమర్చే వ్యక్తి ఇప్పుడు హబ్ సిబ్బందితో మాట్లాడవలసి ఉంటుంది. టెలిఫోన్ సౌకర్యం లేని చోట్ల ఇందుకు ముందే ఏర్పాటు చేసుకోవాలి.

మొదటి పరీక్ష తరంగాల తలానికి సంబంధించినది. ఉపగ్రహంలోని పరిమిత పౌనఃపున్యాలను రెండింతలుగా వాడుకోవడానికి ఒకే పౌనఃపున్యంలో కొన్ని తరంగాలను అడ్డంగాను, కొన్నింటిని నిలువుగాను పంపుతారు. ఈ తలాన్నే శాస్త్ర పరిభాషలో ధ్రువణం అంటారు. భూమి గుండ్రనిది గనుక ఒక్కొక్క ఊరి నుండి చూసినప్పుడు ఈ అడ్డం, నిలువు కొంత వాలినట్లు ఉంటాయి. పైన చెప్పిన ఉదాహరణలో హైదరాబాదులో ఈ వాలు సుమారు 14 డిగ్రీలు, ఈటానగర్‌లో 33 డిగ్రీలు. యాంటెన్నా ఎదుట ఉన్న యంత్రాన్ని ఆ మేరకు తిప్పాలి. హబ్ కోరినప్పుడు మోడెమ్ సమాచారమేదీ లేని శుద్ధ తరంగాన్ని పంపుతుంది. దానిలో ఎంత భాగం పొరపాటున రెండవ తలంలోకి జారుతున్నదో హబ్ కొలిచి చెబుతుంది. జారిన భాగం సుమారు వెయ్యోవంతుకు మించకుండా ఉండేవరకు యంత్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పవలసి ఉంటుంది. ఈ పరీక్షను ఆదరాబాదరాగా ముగిస్తే గ్రామంలో ఏ లోపమూ కనిపించదు. ఎక్కడో రెండవ తలాన్ని వాడుకుంటున్న మరొక రాష్ట్రపు కేంద్రానికి కారణం తెలియని చికాకు మొదలవుతుంది. ప్రసార సమయంలో పళ్ళేనికి, యంత్రానికి మధ్య చేతులు గాని తల గాని పెట్టరాదు.

రెండవ పరీక్ష బలానిది. గొంతు చించుకుని అరిచినవాని మాట స్పష్టంగా వినబడనట్లే, ప్రసార యంత్రాన్ని దాని శక్తికి మించి నడిపితే సంకేతం వికృతమై పక్క పౌనఃపున్యాలపై చిందుతుంది. హబ్ బలాన్ని కొద్దికొద్దిగా పెంచమని కోరి, ఎక్కడ వికృతి మొదలవుతున్నదో కనిపెట్టి, అంతకు తక్కువలో హద్దు నిర్ణయిస్తుంది.

మూడవది కాల పరీక్ష. మోడెమ్ చిన్న సంకేతాన్ని పంపుతుంది. అది రావలసిన క్షణానికి, వచ్చిన క్షణానికి గల భేదాన్ని హబ్ తెలియజేస్తుంది. మోడెమ్ దిద్దుకుంటుంది. చివరకు హబ్ మోడెమ్ క్రమసంఖ్యను తన పట్టికతో సరిచూసుకుని, సంభాషణను రహస్యంగా ఉంచే తాళాలను ఇచ్చి, అవసరమైతే క్రొత్త సాఫ్ట్‌వేర్‌ను పంపి, కేంద్రాన్ని నమోదు చేసుకుంటుంది. అప్పుడు ప్రసార దీపం కూడా స్థిరంగా నిలుస్తుంది. ఆ క్షణం నుండి ఆ ఊరు వ్యవస్థలో ఒకటి.

ఊరిలోని వ్యవస్థతో కలపడం

మోడెమ్ నుండి వచ్చే తీగను పాఠశాల, పంచాయతీ, ఆరోగ్య కేంద్రం వంటి కార్యాలయాల కంప్యూటర్లకు పంచడానికి రూటర్ అనే పరికరాన్ని వాడతారు. వ్యవస్థలో ప్రతి కంప్యూటర్‌కు ఒక విలాసం ఉండాలి. ఈ విలాసాలను పంచే బాధ్యత మోడెమ్‌కు గాని, రూటర్‌కు గాని, ఒక్కదానికే అప్పగించాలి. రెండూ పంచితే ఒకే విలాసం రెండు యంత్రాలకు పోయి, తపాలా తారుమారైనట్లు సమాచారం దారి తప్పుతుంది. సంబంధం ఉన్నట్లే ఉండి ఉండకపోవడానికి ఇది ఒక సాధారణ కారణం.

ఉపగ్రహ మార్గంలో ఆలస్యం సహజం. తరంగం పైకి పోయి దిగి రావడానికే దాదాపు కాలు సెకను. ప్రశ్న వెళ్ళి సమాధానం తిరిగి రావడానికి అర సెకనుకు మించి పడుతుంది. ఏ యంత్రమూ కాంతి వేగాన్ని పెంచలేదు. అయితే ప్రతి చిన్న ముక్క అందినట్లు అవతలివైపు నుండి రసీదు వచ్చేవరకు కంప్యూటర్ వేచి ఉండకుండా, మోడెమ్ తానే ముందుగా రసీదు ఇచ్చి పనిని చురుకుగా సాగించే ఏర్పాటు ఉన్నది. కార్యాలయాలు అదనపు రహస్య మార్గాలను తమంతట తాము ఏర్పరచుకుంటే మోడెమ్ ఆ ముక్కలను గుర్తించలేక ఈ సౌకర్యం పనిచేయకపోవచ్చు. అటువంటి అవసరం ఉన్నచోట హబ్‌తో ముందుగా సంప్రదించడం మంచిది.

వాన, ఎండ, ఆ తరువాతి బాధ్యత

ఈ పౌనఃపున్యాలలో వాన చినుకులు తరంగ శక్తిని మింగివేస్తాయి. కుండపోత వర్షంలో సంకేతం క్షీణించినప్పుడు నేటి మోడెములు వేగం తగ్గించుకుని, దెబ్బకు తట్టుకునే పద్ధతికి వాటంతట అవే మారతాయి. గురి సరిగా కుదిరిన కేంద్రం నెమ్మదించినా నిలుస్తుంది. అరకొరగా కుదిరిన కేంద్రం మొదటి వానకే మూగబోతుంది. ఎండలో పనిచేసిన కేంద్రం వానలో ఆగిపోతే వానను నిందించేముందు గురిని పరీక్షించాలి. వరద వచ్చిన నాడే ఆ ఊరికి వార్త అవసరం గనుక గురిలో ఉన్న అర డిగ్రీ నిర్లక్ష్యం ఆనాడు చిన్న విషయం కాదు.

విషువత్తుల సమీపాన, అంటే ఫిబ్రవరి చివరి నుండి మార్చి వరకు, తిరిగి సెప్టెంబర్, అక్టోబర్ మాసాలలో కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు సూర్యుని స్వంత తరంగాలు ఉపగ్రహ సంకేతాన్ని ముంచివేస్తాయి. ఇది యంత్ర దోషం కాదు. ఏ రోజు ఏ వేళకు ఇలా జరిగేదీ ముందే లెక్క కట్టవచ్చు గనుక ఆ పట్టికను కార్యాలయంలో అంటించుకుంటే అనవసరపు ఆందోళన, మరలు విప్పి మళ్ళీ బిగించే ప్రయాస తప్పుతాయి.

ఇటీవలి కాలంలో భూమికి దగ్గరగా, కొన్ని వందల కిలోమీటర్ల నుండి వెయ్యికి పైగా కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహ సముదాయాలు కూడా వచ్చాయి. అటువంటి వన్‌వెబ్ సముదాయానికి చెందిన 72 ఉపగ్రహాలను 2022 అక్టోబర్‌లోను, 2023 మార్చిలోను రెండు విడతలుగా శ్రీహరికోట నుండే ప్రయోగించారు. దగ్గరగా ఉన్నందున వాటిలో ఆలస్యం చాలా తక్కువ. అవి ఆకాశంలో కదులుతూ ఉంటాయి గనుక యాంటెన్నాయే వాటిని వెదకి వెంబడిస్తుంది. చేతితో గురిపెట్టే శ్రమ తగ్గినప్పటికీ విశాలమైన ఆకాశం, నిలకడైన విద్యుత్తు, వ్యవస్థలో నమోదు, వంతు పాటించే క్రమశిక్షణ వాటికీ అవసరమే.

ఏ పద్ధతిలో నెలకొల్పినా తరువాతి పోషణ స్థానికుల చేతిలోనే ఉంటుంది. తీగ కొసలలో నీరు దిగడం, ఎలుకలు తీగలు కొరకడం, కోతులు పళ్ళేన్ని పట్టి ఊగడం, బ్యాటరీ ఎండిపోవడం వంటి చిన్న కారణాలే ఎక్కువ కేంద్రాలను మూగవానిగా చేస్తాయి. వీటిని సరిదిద్దడానికి ఢిల్లీ నుండో హైదరాబాదు నుండో నిపుణుడు రానవసరం లేదు. కాని ఒక నిపుణుడు వచ్చి అమర్చి వెళ్ళిన నాడు గురి కోణాలు, సంకేత బలం, తలం పరీక్షలో వచ్చిన విలువ, మోడెమ్ క్రమసంఖ్య, హబ్ టెలిఫోన్ నంబరు ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచాలి. ఏ దీపం ఆరితే ఏమి చూడాలో ఆ ఊరివారి భాషలోనే వ్రాసి మోడెమ్ పక్కన అంటించాలి. ఊరిలో ఇద్దరికైనా ఈ పని నేర్పాలి. ఒకరు బదిలీ అయినా రెండవవారు మిగులుతారు. ఇవి లేనిచోట నిన్నటి సంకేత బలం ఎంతో తెలియక నేటి లోపాన్ని ఎవరూ పోల్చుకోలేరు. చిన్న మరమ్మతుకు నోచుకోని కేంద్రం నెలల తరబడి కప్పు మీద అలంకారంగా మిగిలిపోతుంది.

1975లో సాయంకాలం టెలివిజన్ ముందు గుమిగూడిన గ్రామస్థులు దేశం చెప్పినది విన్నారు. నేడు కొండ మీది ఆరోగ్య కేంద్రంలోని నర్సు తన రోగి వివరాలను దూరాన ఉన్న వైద్యునికి పంపి, ఆయన సలహాను అప్పటికప్పుడు పొందగలుగుతున్నది. ఆమె మాట దేశానికి చేరడానికి కావలసింది ఆకాశంలోని ఉపగ్రహం ఒక్కటే కాదు. నిట్టనిలువుగా పాతిన స్తంభం, ఓపికతో కుదిర్చిన గురి, తప్పు లేకుండా వ్రాసిన అక్షాంశం, ఇతరుల వంతును గౌరవించే మోడెమ్, దానిని కనిపెట్టి చూసుకునే ఊరి మనిషి కూడా కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆమె గదిలోని దీపం వెలగదు.